రెండు బకెట్ల చేపలు

పోయిన నెల విత్తన కాయల నిలువ గురించి రాసిన దానికి హిందూపురం వైపు నుండి, ధర్మవరం వైపు నుండి కొందరు ఉత్తరాలు రాశారు. వాటికి జవాబు మరోసారి చెప్పుకుందాం. ఈ నెల చేపల సంగతి రాయాలని ఉంది. పులుసు పెట్టుకునే చేపలు కావు. ఎవరూ కొనని, ఎవరూ అమ్మని చిన్న చేపలు. ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాను.

పెనుకొండకు పడమటగా మా ఊరు. మందిరం పక్కన పాత దిగుడు బావి ఉంది. మా జేజి కాపురానికి వచ్చేనాటికే అది పాత బావి. నా చిన్నతనంలో ఊరంతా ఆ నీళ్ళే తాగేది. ఆ బావిలో వేలి పొడవు చేపలు కొన్ని ఉండేవి. అడుగుకు పోవు, నీటి పైపొరను ఆనుకుని తిరుగుతాయి. తల మీద ఒక వెండి చుక్క. మెట్ల మీద కూర్చుని చూస్తే చేప కనబడదు, చుక్క కనబడుతుంది. మేము వాటిని చుక్క చేపలు అనేవాళ్ళం. కడవ ముంచితే ఒక్కోసారి ఒకటో రెండో కడవలోకి వచ్చేవి. జేజి ఆ కడవను వంచి వాటిని మళ్ళీ బావిలోకి వదిలి, వేరే నీళ్ళు ముంచుకునేది. "వాటి నీళ్ళు మనం తాగుతాండాం, వాటిని కూడా యాడికి ఎత్తుకపోతాం రా" అనేది.

1989లో మా ఊళ్ళో జ్వరాలు బాగా వచ్చాయి. నేను అప్పటికి కొత్తగా బడిపంతులుగా చేరాను. చదువుకున్నవాణ్ణి కదా, ఊరికి ఏదో ఒకటి చేయాలని ఉబలాటం. దోమ పిల్లలను తినే చేపలు ఉంటాయని విని, పట్నంలో తెలిసినవారిని అడిగి ఒక బిందెడు గంబూసియా చేపలను బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చాను. ఆదివారం ఆరాధన తరువాత అందరూ చూస్తుండగా బావిలో వదిలాను. సంఘ పెద్దలు మెచ్చుకున్నారు. బావిలో ఉన్న చుక్క చేపలు తాతల నాటి నుండి ఆ దోమ పిల్లలనే తింటున్నాయన్న సంగతి నాకు తెలియదు. నేను అడగనూ లేదు.

గంబూసియా అమెరికా చేప. 1928లో మన దేశానికి తెచ్చారు. గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది, అందుకని త్వరగా పెరుగుతుంది. దోమ పిల్లలను తింటుంది, నిజమే. దానితో పాటు పక్క చేపల గుడ్లను, పసి పిల్లలను కూడా తింటుంది. పెద్దవాటి రెక్కలు, తోకలు కొరుకుతుంది. చుక్క చేప నీటి మొక్కల వేళ్ళకు గుడ్లు అంటించి పోతుంది, కాపలా కాయదు. రెండేళ్ళు తిరిగేసరికి మా బావిలో ఒక్క చుక్క కూడా కనబడలేదు. బూడిద రంగు చేపలు మాత్రం గుంపులు గుంపులుగా ఉన్నాయి. దోమలు తగ్గాయా అంటే, మా ఇంటి దోమతెర ఇప్పటికీ తీయలేదు.

ఈ సంగతి చాలా ఏళ్ళు మనసులో పెట్టుకున్నాను. జేజి అప్పటికి ప్రభువునందు నిద్రించింది కాబట్టి తప్పించుకున్నాను, లేకపోతే ఏమనేదో.

తరువాత ఎప్పుడో అమెరికాలో జరిగిన ఒక సంగతి చదివాను. కాలిఫోర్నియా రాష్ట్రానికి తూర్పు పక్కన, సియెర్రా నెవాడా కొండల వెనుక ఓవెన్స్ లోయ ఉంది. సముద్రం నుండి వచ్చే మబ్బులు కొండలకు అవతలే కురిసిపోతాయి, ఇవతలి లోయకు మిగిలేది తక్కువ. మనకు పడమటి కనుమలు చేసేదీ అదే కదా. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వానతో మన జిల్లా ఎట్లా బతుకుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఓవెన్స్ లోయకు అంత కూడా రాదు. అయినా అక్కడ ఒక ఏరు, దాని పక్కన ఊట చెలమలు, జమ్ము మడుగులు ఉండేవి. ఆ మడుగుల్లో రెండు అంగుళాల చేప ఒకటి ఉండేది. కుక్కపిల్లల్లా ఒకదాని వెంట ఒకటి పడి ఆడుతుందని దాన్ని పప్‌ఫిష్ అన్నారు. ఆ లోయలో తప్ప భూమి మీద మరెక్కడా లేదు.

1913లో లాస్ ఏంజెలిస్ నగరం ఆ ఏటి నీళ్ళను దాదాపు 375 కిలోమీటర్ల కాలువ తవ్వి తీసుకుపోయింది. మడుగులు ఎండాయి. మిగిలిన నీళ్ళలో గాలం సరదాకని పెద్ద నోటి చేపలను వదిలారు, దోమలకని గంబూసియాను వదిలారు. రాబర్ట్ మిల్లర్ అనే పండితుడు 1948లో ఈ చేపకు శాస్త్రం ప్రకారం పేరు పెట్టేనాటికే అది అంతరించిపోయిందని అనుకున్నారు. చనిపోయిన బిడ్డకు పేరు పెట్టినట్టు ఉంది కదా. 1964లో ఫిష్ స్లూ అనే చోట ఒక మడుగులో కొన్ని బతికి ఉన్నాయని కనుగొన్నారు. కనుగొన్నవారిలో ఎడ్విన్ ఫిలిప్ పిస్టర్ అనే ఆయన ఒకరు. రాష్ట్ర మత్స్యశాఖలో ఉద్యోగి.

1969 ఆగస్టు 18. మడుగు ఎండిపోతోందని, వెంటనే వెళ్ళకపోతే జాతి పోతుందని తోటి ఉద్యోగి వచ్చి చెప్పాడు. బకెట్లు, వలలు పట్టుకుని పరుగెత్తారు. ఒక గదంత నీళ్ళు మిగిలాయి. అందులో సుమారు 800 చేపలు. భూమి మీద ఉన్నవన్నీ అవే. వాటిని పట్టి, దగ్గరలో నీళ్ళు పారే చోట జాలీ బోనుల్లో పెట్టారు. పొద్దుగూకింది. మిగతావారు భోజనానికి వెళ్ళారు. పిస్టర్ గారికి మనసు ఒప్పక ఒకసారి చూసిపోదామని ఆగారు. చూస్తే బోనుల్లో కొన్ని చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. అక్కడ నీటి పారుదల చాలక గాలి అందలేదు. పిలుద్దామంటే ఎవరూ లేరు. బతికి ఉన్నవాటిని రెండు బకెట్లలోకి ఎత్తుకుని, ఒక్కో చేతిలో ఒక్కో బకెట్టు పట్టుకుని, చీకట్లో మెరుగైన ఊట వైపు నడిచారు.

కొంత దూరం నడిచాక ఆయనకు కాళ్ళు వణికాయట. దారిలో ముళ్ళ తీగలు ఉన్నాయి, ఎలుక బొరియలు ఉన్నాయి. కాలు జారితే, బకెట్లు ఒలికితే, ఆ జాతి ఇక లేదు. నోవహు ఓడ గురించి సండే స్కూలులో ఎన్నోసార్లు చెప్పాను గాని, ఓడ నడిపేవాడికి భయం వేసి ఉంటుందని నాకు ఎప్పుడూ తోచలేదు. ఇది చదివాక తోచింది.

ఆయన జారలేదు. చేపలు బతికాయి. ఆ ఏడాదే ఆయనా మరికొందరూ కలిసి ఎడారి చేపల కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. (మన అనంతపురానికి విన్సెంట్ ఫెర్రర్ గారు వచ్చినదీ ఆ 1969లోనే. ఎవరి నీళ్ళ బాధ వారు పడుతున్నారు.) ఈ చేప వల్ల ఏమి లాభమని పిస్టర్ గారిని చాలామంది అడిగేవారు. ఆయన ఎదురు ప్రశ్న వేసేవారట: నీ వల్ల ఏమి లాభం, అని. 2023లో, 94 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. అంతకు రెండేళ్ళ ముందు, 2021లో, ఆ రాష్ట్ర శాఖవారు మూడు చోట్ల నుండి ఏడు వందలకు పైగా ఓవెన్స్ చేపలను పట్టి, మోనో అనే కౌంటీలో దూరంగా ఉన్న ఊట చెరువుల్లో కొత్త కాపురం పెట్టించామని ప్రకటించారు. పదేళ్ళకు పైగా ఏర్పాట్లు చేశారు. ఒక్క రాత్రిలో చేసిన పనికి వెనుక ఇంత పని మిగిలి ఉంటుందని గమనించండి.

చేపలను మోసుకుపోయి వదిలితే అయిపోయిందనుకోవద్దు. ఆరిజోనా రాష్ట్రంలో గిలా అనే ఏటి చిన్న చేప ఉంది. దాన్ని కూడా గంబూసియానే తినేసింది. దాన్ని నిలబెట్టాలని నూటికి పైగా చోట్ల వదిలారు. 1990ల చివరలో లెక్క చూస్తే ఇరవై చోట్ల కూడా నిలవలేదు. కొన్నిచోట్ల నీళ్ళు ఎండిపోయాయి, కొన్నిచోట్ల వరద కొట్టుకుపోయింది, కొన్నిచోట్ల గంబూసియా మళ్ళీ చేరింది. తరువాత పశువుల మందలున్న ఆసాములతో ఒప్పందాలు చేసుకుని, వారి నీటి గుంటల్లో పెంచడం మొదలుపెట్టారు. ఆ చేప ఉన్నందున నీ భూమి మీద కొత్త ఆంక్షలు పెట్టమని సర్కారు మాట ఇస్తుంది, ఆసామి నీళ్ళు ఇస్తాడు. నాకు ఈ పద్ధతి నచ్చింది. రైతుకు భయం పెడితే ఏ చేపా బతకదు.

నెవాడా రాష్ట్రంలో ఇంకొక సంగతి ఉంది, ఇది మన బోర్ల ప్రాంతంవారు వినదగినది. డెవిల్స్ హోల్ అని కొండలో ఒక బిలం. అందులో వేడి ఊట నీళ్ళు. ఆ ఒక్క బిలంలో తప్ప ఎక్కడా లేని పప్‌ఫిష్ అందులో ఉంది. నీటి అంచున ఉన్న ఒక రాతి పలక మీదే మేత, పలక మీదే గుడ్లు. 1960ల చివర చుట్టుపక్కల పొలాలకు బోర్లు వేసి తోడితే బిలంలో నీటి మట్టం దిగి పలక బయటపడసాగింది. వ్యాజ్యం సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1976లో కోర్టు, చేప బతకడానికి చాలినంత నీళ్ళు బిలంలో ఉండేట్టు తోడకం తగ్గించమంది. అయినా 2013లో లెక్కపెడితే 35 చేపలే ఉన్నాయి. 2024 వసంతంలో 191కి చేరాయి. ఆ తరువాత భూకంపాలకు బిలంలో నీళ్ళు ఎగిసిపడి, పలక మీది మేత, గుడ్లు కొట్టుకుపోగా 2025లో మళ్ళీ 38. పక్కనే తొట్టి కట్టి పెంచుకుంటున్నారు గనుక అందులో నుండి కొన్నింటిని తెచ్చి బిలంలో వదలగలిగారు. ఒకే చోట పెట్టుకున్నవాడికి ఒకే దెబ్బ చాలు.

ఇక మన నేలకు వద్దాం. మనది ఎడారి కాదు గాని, ఎండాకాలంలో దానికి తమ్ముడు. ఇక్కడి చేపలు కరువుకు అలవాటుపడినవే. కొర్రమీను, మార్పు పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. నీళ్ళు ఇంకితే తడి బురదలో దాగి వానకు ఎదురుచూస్తాయి. మార్పు అయితే తొలకరి రాత్రి తడి నేల మీద పాకుతూ ఒక గుంట నుండి ఇంకొక గుంటకు పోతుంది. చిన్నతనంలో మా ఇంటి వాకిట్లో ఒకటి దొరికితే ఆకాశం నుండి పడిందని అనుకున్నాం. పరిగెలు, చుక్క చేపలు అట్లా బురదలో బతకలేవు. వాటికి ఎప్పుడూ నీళ్ళుండే చోటు ఒకటి కావాలి. ఏటి మడుగో, దిగుడు బావో, మోట బావో.

మన పెద్దలు చెరువులను గొలుసుగా కట్టారు. బుక్కపట్నం చెరువు విజయనగర రాజుల నాటిది. ధర్మవరం చెరువును క్రియాశక్తి ఒడయరు కట్టించాడని చెబుతారు. రెండూ చిత్రావతి నీళ్ళవే. పై చెరువు నిండి మరవ పారితే ఆ నీళ్ళు కింది చెరువుకు పోతాయి. ఆ నీళ్ళతో పాటు చేపలూ పోతాయి. కరువు ఏడు అన్నీ ఎండిపోయినా, ఎక్కడో ఒక మడుగులో నాలుగు చేపలు మిగిలేవి. మంచి వాన పడి మరవ పారిన ఏడు అవి మళ్ళీ గొలుసంతా వ్యాపించేవి. బకెట్టు పట్టుకుని నడిచే మనిషి అవసరం లేకుండా సృష్టికర్త ఏర్పాటు అట్లా సాగిపోయింది.

ఇప్పుడు బోర్లు లోతుకు పోయాయి, పైబావులు ఎండిపోయాయి. ఎండిన బావిలో చెత్త వేశారు, లేకపోతే పూడ్చారు. ఏటిలో ఇసుక తీస్తే మడుగు నిలవదు. మరవ కాలువల మీద ప్లాట్లు వేశారు. కరువులో తలదాచుకునే చోటు లేదు, వానలో వ్యాపించే దారి లేదు. 2021 నవంబరులో చిత్రావతి పొంగినప్పుడు ఊళ్ళలోకి నీళ్ళు వచ్చాయి గాని, పై నుండి దిగడానికి ఆ పాత చేపలు ఎన్ని మిగిలి ఉన్నాయి?

హంద్రీ-నీవా కాలువ సంగతి కూడా చెప్పాలి. శ్రీశైలం వెనుక జలాల నుండి ఎత్తిపోసిన కృష్ణ నీళ్ళు 2012లో జీడిపల్లికి, 2016లో పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయానికి వచ్చాయి. ఓవెన్స్ లోయ నుండి నీళ్ళు పోయాయి, మనకు వచ్చాయి. నేను ఆ రోజు గొల్లపల్లి కట్ట మీద నిలబడి ఏడ్చినవాళ్ళలో ఒకణ్ణి, కాబట్టి కాలువను తప్పుపట్టడం లేదు. అయితే నీళ్ళతో పాటు కృష్ణలో ఉన్న చేపలు కూడా పెన్న చెరువులకు చేరే దారి ఏర్పడింది. దీన్ని ఎవరూ బకెట్లో మోయలేదు, పంపులు మోశాయి. జిలేబి అని అమ్మే తిలాపియా మన దేశానికి 1952లో వచ్చింది. ఇప్పుడు అది లేని చెరువు వెతకాలి. బొచ్చె, రాగండి పిల్లలను ఏటేటా కొని చెరువుల్లో వదులుతాం. అవి బతుకుతెరువు, వాటిని కాదనను. బెస్తవారి కుటుంబాలు వాటి మీద బతుకుతున్నాయి. నా బాధ పులుసుకు రాని చేపల గురించే.

2024 మార్చిలో ధర్మవరం దగ్గరి మా వియ్యంకుడి తోటకు వెళ్ళాను. ఆయనకు తండ్రి నాటి మోట బావి ఒకటి ఉంది. నీళ్ళు అడుగున మోకాలి లోతు. వంగి చూస్తే చుక్కలు. ముప్పై ఏళ్ళ తరువాత నేను చుక్క చేపను చూడడం అదే. నా ముఖం చూసి ఆయన నవ్వారు.

"ఏం బావా, బావిలో బంగారం కనబడిందా?"

"బంగారమే. దీన్ని ఏం చేస్తాండారు?"

"పూడ్చేస్తాండాం. పిల్లలు తిరిగే చోటు, పక్కన గోడ కూలింది. జూన్ లోపల మట్టి తోలిస్తా. చేపలు కావాలంటే నువ్వు ఎత్తుకపో, పులుసుకు కూడా రావు కదా."

పూడ్చవద్దని నేను అనలేకపోయాను. ఆ గోడ నిజంగానే ప్రమాదంగా ఉంది, ఆయన మనవరాలు నాకూ మనవరాలే. ఎత్తుకుపోవచ్చు. ఎక్కడికి? అక్కడే చిక్కు వచ్చింది. నా మందిరం బావి నిండా నేను పోసిన గంబూసియా. మా తమ్ముడి ఫారం పాండులో తిలాపియా. ఊరి కుంటలో ఏప్రిల్ దాటి నీళ్ళు ఉండవు. వారం రోజులు సైకిలు మీద తిరిగాను. అప్పుడు మా ఊరి బెస్త పెద్దాయన ఒకరు చెప్పారు.

"అయ్యవారూ, కొండ కింద రాళ్ళు కొట్టి వదిలేసిన గుంత ఉండాది కదా. ఊట ఉండాది, ఎండిపోదు. దాంట్లో ఏ చేపా లేదు. నేను వల వేసి చూసినా."

వెళ్ళి చూశాం. మూడు వైపులా నిలువు బండ, ఒక వైపు జారుడు. నీటి మొక్కలు ఉన్నాయి, దోమ పిల్లలు దండిగా ఉన్నాయి, చేప లేదు. పంచాయతీలో అడిగాం, అభ్యంతరం లేదన్నారు. రెండవ చోటుగా ఒక బడి ఆవరణలో ఉన్న సిమెంటు తొట్టి దొరికింది. పిస్టర్ గారి సంగతి చదివి ఉన్నాను గనుక ఒకే చోట పెట్టదలచుకోలేదు. ధర్మవరం బావి చిత్రావతి వైపు, మా గుంత పెన్న వైపు. చిత్రావతి చివరకు పెన్నలోనే కలుస్తుంది గనుక నీటి కుటుంబం ఒకటేనని ధైర్యం చేసుకున్నాను.

మోసిన విధానం వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికిరావచ్చు. తెల్లవారుజామున నాలుగు గంటలకు మొదలుపెట్టాం. ఎండ ఎక్కితే నీళ్ళలో గాలి తగ్గుతుంది, చేప ఉక్కిరిబిక్కిరి అవుతుంది. దోమతెర గుడ్డతో వల కుట్టుకున్నాం. బకెట్టులో ఆ బావి నీళ్ళే, సగానికి మాత్రమే. కొళాయి నీళ్ళు పోయకూడదు, బ్లీచింగు పౌడరు వాసన ఉన్నా చేప చస్తుంది. బకెట్టుకు పదిహేను ఇరవై చేపలు, అంతకు మించి వద్దు. చుక్క చేప ఎగిరి దూకుతుంది కాబట్టి పైన పలుచని గుడ్డ కట్టాలి. చుట్టూ తడి గోనెసంచి. పాత బావి పాచిని కూడా వేసుకుపోదామని మా యవ్వనస్థుడు ఒకడు అన్నాడు గాని, దాంట్లో ఇంకేమి వస్తుందో తెలియదని వద్దన్నాను. గుంత దగ్గరకు పోగానే కుమ్మరించలేదు. గుంత నీళ్ళు గ్లాసుతో కొంచెం కొంచెంగా బకెట్టులో పోస్తూ అరగంట గడిపాం. బావి నీళ్ళు చల్లన, గుంత నీళ్ళు వెచ్చన; ఒక్కసారిగా మార్చితే తట్టుకోలేవు.

మొత్తం 64 చేపలు పట్టాం. జీపులో కుదుపుకో, దేనికో, అయిదు దారిలోనే చనిపోయాయి. గుంతలో 40, తొట్టిలో 19 వదిలాం. జీపు పెనుకొండ కొండ మలుపు తిరిగినప్పుడు నా ఒడిలో ఉన్న బకెట్టును రెండు చేతులా పట్టుకున్నాను. 1989లో అదే దారిలో, అదే ఒడిలో ఇంకొక బిందె ఉండింది.

తొట్టిలోవి రెండు నెలలు బాగానే ఉన్నాయి. సండే స్కూలు పిల్లలు వంతులవారీగా చూసివచ్చేవారు. బడులు తెరిచే ముందు ఎవరో మంచి మనసుతోనే తొట్టి శుభ్రం చేయాలని బ్లీచింగు పౌడరు చల్లారు. ఆ సాయంత్రానికి 19 చేపలూ తేలాయి. చల్లినవారిని నేను ఏమీ అనలేదు. మంచి మనసుతో నేను చేసింది నాకు గుర్తుంది. పిల్లల్లో ఒక చిన్నది మాత్రం, "తాతా, బోర్డు ఎందుకు పెట్టలేదు?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక అట్టముక్క మీద చేపలు ఉన్నాయి అని రాసి ఉంటే సరిపోయేది.

జూన్ మొదటి వారంలో వియ్యంకుడి బావిని మట్టితో నింపారు. అంటే నాకు తెలిసినంతలో ఆ బావి వంశం రాతి గుంతలోనే మిగిలింది. ఆ ఎండాకాలం నేను సరిగా నిద్రపోలేదంటే మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు గాని, నిజం. అక్టోబరులో వానలు దంచాయి. గుంతలో నీళ్ళు రెండు నిలువులు పెరిగి, జారుడు వైపు నుండి కొంత పొర్లిపోయింది కూడా. కొట్టుకుపోయాయేమోనని మరునాడే వెళ్ళాను. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏమీ కనబడలేదు. నీళ్ళు తేరడానికి డిసెంబరు వచ్చింది. ఒక మధ్యాహ్నం బండ మీద పడుకుని చూస్తే, నీటి మొక్కల పక్కన గోరంత పిల్లలు. చుక్క ఉందో లేదో కనబడనంత చిన్నవి. పక్కనే వాటి పెద్దది ఒకటి ఉంది, దానికి చుక్క ఉంది. అప్పుడు నమ్మాను. ఆ తరువాత ఇంకొక వానాకాలం కూడా గడిచింది. ఇప్పుడు వాటిని లెక్కపెట్టడం నా వల్ల కాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. చేపలు చూడాలని పిల్లలను ఇటువంటి రాతి గుంతల దగ్గరకు ఒంటరిగా పంపవద్దు. బండ జారుతుంది, లోతు తెలియదు. నేను కూడా తోడు లేకుండా పోవడం మానేశాను, అరవై దాటింది కదా.

ఇంకొక పని మిగిలి ఉంది. మందిరం బావిలో నీళ్ళు ఈ ఏడు ఫిబ్రవరికే అడుగంటాయి. మే నెలలో పూర్తిగా ఎండుతుందని పెద్దల అంచనా. ఎండినప్పుడు పూడిక తీసి, అడుగు బురద కూడా ఎత్తి ఎండబెడితే గంబూసియా ఒక్కటి కూడా మిగలదు. ఒక్క జత మిగిలినా మొదటికొస్తుంది కనుక తడి అన్నది లేకుండా పదిరోజులు ఎండనివ్వాలి. వాన పడి కొత్త నీళ్ళు ఊరాక గుంత నుండి ఒక బకెట్టు చుక్క చేపలను తెచ్చి వదులుతాం. అయ్యగారు ఒప్పుకున్నారు. యవ్వనస్థుల సమాజంవారు పని పంచుకున్నారు. స్త్రీల సమాజంవారు మజ్జిగ ఇస్తామన్నారు. బోర్డు రాయించడం ఆ చిన్నదానికి అప్పజెప్పాం, ఇప్పటికే రంగు డబ్బా కొనిపించుకుంది.

మీ ఊరి పాత బావిలో గాని, ఏటి మడుగులో గాని తల మీద వెండి చుక్క ఉన్న చేప కనబడితే, దాన్ని పట్టకుండా, ఊరి పేరు, బావి ఎవరిదో, ఎండాకాలంలో నీళ్ళు ఎంత ఉంటాయో ఒక కార్డు మీద రాసి పత్రిక చిరునామాకు పంపండి. మే మూడవ శనివారం మా బావి పని. దగ్గరివారు రాదలచుకుంటే పార, తట్ట తెచ్చుకోండి; తట్టలు మా దగ్గర తక్కువగా ఉన్నాయి.